ఓవెన్ దగ్గర కాసేపు నిలబడు

తెనాలి

చిట్టితల్లికి,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు కాసేపు ఏడ్చింది, తర్వాత సంగతి చెప్పింది. ఎనిమిదేళ్ల కిందట నేనే వెంటబెట్టుకెళ్లి ఇంటర్న్‌గా చేర్పించిన సైకిల్ పెడల్ కంపెనీని ఇప్పుడు నువ్వే కొంటున్నావట. ఓనర్‌గారు పిల్లల దగ్గరికి కెనడా వెళ్లిపోతూ, బయటివాళ్లకి అమ్మడం ఇష్టంలేక నిన్ను అడిగారట. మీ అమ్మకి అప్పంటే భయం, లూథియానా దూరమంటే భయం, నీ పెళ్లి ఏమవుతుందోనని భయం. ఆవిడకి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ నాకు తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. నా భయం వేరు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో "తెలుసులే మావయ్యా" అంటావు, నేను ఆగిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నీకు తొమ్మిదేళ్లప్పుడు మా వాకిట్లో సైకిల్ పడుకోబెట్టి ఎడమ పెడల్ ఊడదీయబోయావు, గుర్తుందా? ఎంత తిప్పినా రాలేదు. స్పానర్‌కి పైపు తొడిగి మరీ తిప్పావు. క్రాంక్‌లో మర అంతా చెడింది. నేను కేకలేశాను. నువ్వు ఏడవలేదు. "ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఎందుకు పెట్టారు?" అని అడిగావు. తొక్కేటప్పుడు తనంతట తాను వదులు కాకుండా ఉండటానికని చెప్పాను. అది నీకు సరిపోలేదు, ఎలా అని మళ్లీ అడిగావు. పిడికిట్లో పెన్సిల్ వదులుగా పట్టుకుని గుండ్రంగా తిప్పి చూపించాను. ఆ సాయంత్రమే అనుకున్నాను, ఇది ఈ పనిలోకే వస్తుందని.

కొనుగోలు విషయాలు నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. షేర్లు కొంటే పాత అప్పులూ, పాత కేసులూ, పీఎఫ్ బాకీలూ అన్నీ కంపెనీతోపాటే వస్తాయి. సీఏ చేత మూడేళ్ల లెక్కలు చూపించు. గోడౌన్‌లో ఉన్న సరుకు కాగితం మీద కాదు, చేత్తో లెక్కపెట్టించు. ప్లేటింగ్, అంటే లోహపు పూత వేసిన నీళ్లు, అందరికీ కలిపి నీళ్లు శుద్ధిచేసే కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంటుకే పోతున్నాయని రసీదులు చూడు. ఊళ్లోంచి పోయే ఆ మురికికాలువ, బుడ్ఢా నాలా, ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. బ్యాంకువాళ్లు గ్యారంటీ అడుగుతారు. మీ అమ్మ ఇల్లు మాత్రం పెట్టొద్దు. ముందు చిన్న యూనిట్ల అప్పులకి హామీ ఉండే సీజీటీఎంఎస్ఈ పథకం కింద తాకట్టు లేకుండా ఎంత వస్తుందో కనుక్కో.

డబ్బు విషయంలో రెండే మాటలు. 2025 సెప్టెంబర్ నుంచి సైకిళ్లకీ పార్టులకీ జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. అందరూ సంబరపడ్డారు. కానీ నువ్వు కొనే ఉక్కు మీద ఇంకా 18 శాతమే. ఆ తేడా రిఫండ్‌గా వస్తుంది, వచ్చేలోపు జీతాలివ్వాల్సిన డబ్బు అందులో ఇరుక్కుంటుంది. ఆ మేరకు చేతిలో ఉంచుకో. రెండోది, పెద్ద సైకిల్ కంపెనీలు బిల్లు కట్టడానికి నెలలు తిప్పుతాయి. చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు ఇవ్వాలని 2006 చట్టంలోనే ఉంది. 2024 ఏప్రిల్ నుంచి, అలా ఇవ్వకపోతే ఆ సంవత్సరం దాన్ని ఖర్చుగా చూపించుకోవడం కూడా వాళ్లకి కుదరదు. ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబర్, అదే చిన్న యూనిట్‌గా నమోదైన నంబర్, వేయించు. అడగడానికి మొహమాటపడకు. మన ఇంటి ఆడపిల్లలకి తమ డబ్బు తాము అడగడమంటే సిగ్గని నేర్పారు. తప్పు నేర్పారు.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతి.

నేను డిప్లొమా చేసి 1982లో లూథియానాలో ట్రైనీగా చేరాను. గిల్ రోడ్డు పక్క సందులో చిన్న షెడ్డు. మా సర్దార్జీ నాకు మొదట అప్పగించింది బేకింగ్ ఓవెన్. పెడల్ యాక్సిల్, అంటే ఇరుసు, గట్టిపరచడం అయ్యాక యాసిడ్‌లో కడిగి ప్లేటింగ్ చేస్తారు కదా, అప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి దిగుతుంది. గట్టి ఉక్కు అయితే అది లోపల ఉండి పెళుసు చేస్తుంది. ప్లేటింగ్ అయిన మూడు నాలుగు గంటల్లోపే ఓవెన్‌లో పెట్టి, 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చాలి, అప్పుడు గ్యాస్ బయటికి పోతుంది. ఇదంతా నీకు తెలుసు. తెలియాల్సింది ఇంకోటుంది. కాల్చని యాక్సిల్ చూడ్డానికి కాల్చినదానిలాగే మెరుస్తుంది. కొలత చూసే గేజ్ పెట్టినా పాస్ అవుతుంది. ఆ రోజు బరువు పెట్టి చూసినా పాస్ అవుతుంది. బిగించిన తర్వాత ఏ పదో రోజో, ఇరవయ్యో రోజో, మర మొదట్లో విరుగుతుంది.

ఒక రాత్రి ప్లేటింగ్ నుంచి సరుకు ఆలస్యంగా వచ్చింది. బయట లారీ నిలబడి ఉంది. నాకు ఇరవై ఏళ్లు. వణుకుతూ వెళ్లి, ఇది కాల్చకుండా పంపకూడదని సర్దార్జీకి చెప్పాను. ఆయన నా మొహం కేసి చూశాడు, లారీ వెనక్కి పంపేశాడు. అంతే. మెచ్చుకోలేదు, ఏమీ అనలేదు. 1984లో కర్ఫ్యూ పెట్టినప్పుడు నన్ను గదిలో ఒంటరిగా ఉండనివ్వక వాళ్లింటికి తీసుకెళ్లిందీ ఆయనే. వాళ్లమ్మకి హిందీ రాదు, నాకు పంజాబీ రాదు. ఆవిడ రొట్టె మీద పంచదార చల్లి నా చేతికిచ్చి, తినేదాకా పక్కనే కూర్చునేది. 1998లో ఆ షెడ్డు నా చేతిలో పెట్టి ఆయన తప్పుకున్నాడు.

ఇప్పుడు 2007 మార్చికి వస్తాను. బడికెళ్లే ఆడపిల్లలకి ప్రభుత్వాలు సైకిళ్లివ్వడం ఊపందుకుంటున్న రోజులు. బీహార్‌లో అంతకు ముందు ఏడాదే మొదలైంది. నాకు అంతకు ముందెప్పుడూ రానంత పెద్ద ఆర్డర్ వచ్చింది, ఆరు వేల జతలు, నెలాఖరు గడువు. సరిగ్గా ఆ వారం ఓవెన్ కాయిల్ కాలిపోయింది. ఒకే ఓవెన్. పక్క యూనిట్‌లో అడిగితే రెండు రోజుల తర్వాత ఖాళీ అవుతుందన్నారు. నా దగ్గర ఐటీఐ నుంచి వచ్చిన ట్రైనీ ఒకడుండేవాడు, పద్దెనిమిదేళ్లు. వాడొచ్చి "సార్, ఈ లాట్ ఓవెన్‌లో పెట్టలేదు" అన్నాడు. నేను కిస్తీలు, గడువు, జరిమానా అన్నీ తలలో వేసుకుని కూర్చున్నాను. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది తల్లీ. ఇరవై అయిదేళ్ల కిందట అదే మాట నాతో ఎవరూ అనలేదు.

లారీ వెళ్లిపోయింది. మూడు వారాలకి ఫోన్ వచ్చింది. పెడల్ విరిగి ఒక పిల్ల పడిపోయిందని. రెండు రైళ్లు మారి ఆ ఊరు వెళ్లాను. తొమ్మిదో తరగతి. ముందు పళ్లు రెండు పోయాయి, మణికట్టు విరిగింది. నన్ను చూడగానే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల నాన్న నాకు మంచం వేసి, నీళ్లిచ్చాడు. తిడతాడనుకున్నాను. సైకిల్ వెనక్కి తీసుకెళ్లిపోతారా అని అడిగాడు. పిల్ల బడి మానేయాల్సి వస్తుందని ఆయన బాధ.

వైద్యం ఖర్చులు ఇచ్చాను. లాట్ మొత్తం వెనక్కి తెప్పించి, మిగిలినవన్నీ తుక్కుకి వేశాను. ఏడాది సంపాదన పోయింది, పోనీ. ఆ ట్రైనీ కుర్రాడు నెల తిరక్కుండా మానేశాడు. పోయేరోజు నమస్కారం పెట్టాడు గానీ నా కళ్లల్లోకి చూడలేదు. వాడి ముందు తప్పు ఒప్పుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడ్రసు కనుక్కునేసరికి వాళ్లు ఊరు మారారు.

నేను చెడ్డవాణ్ణై ఆ పని చేయలేదమ్మా. ట్రైనీగా ఉన్నప్పుడు ఓవెన్ ఎదురుగా ఉండేది. ఓనర్ అయ్యాక కిస్తీ ఎదురుగా ఉండేది. నువ్వు ఇప్పుడు ఆ కుర్చీలోకి మారబోతున్నావు, నా భయమంతా అదే. అందుకని నా మాటగా కొన్ని పనులు చెయ్యి. రెండో ఓవెన్ కొను, కారు కంటే ముందు. ఓవెన్ చార్టు మీద సంతకం లేకుండా గేట్ పాస్ రాయకూడదని పెట్టు. ఆ సంతకం నీది కాకూడదు. షాపులో అందరికంటే చిన్నవాడిదో చిన్నదానిదో ఉండాలి. వాళ్లు లారీ ఆపితే ఎవరూ అడ్డుచెప్పకూడదని మొదటి రోజే మిస్త్రీలందరి ముందూ చెప్పు. ఆ మిస్త్రీలు నిన్నటిదాకా నిన్ను బేటీ అని పిలిచినవాళ్లు. రేపు మేడమ్ అంటారు. వద్దను. నువ్వూ వాళ్లని "జీ" అనడం మానకు.

మార్చి నెలలో రోజుకోసారి ఓవెన్ దగ్గర కాసేపు నిలబడు. ఫోన్ ఆఫీసులో పెట్టి వెళ్లు. వేళకి తిను. మీ అమ్మ నువ్వు చిక్కిపోయావంటోంది, ఫోటోలో నాకూ అలాగే అనిపించింది.

రిజిస్ట్రేషన్ ఎప్పుడో తేదీ రాయి. నేనూ మీ అమ్మా టికెట్లు చేయించుకోవాలి. జనవరి అయితే ఆవిడకి చలికోటు కొనాలి, అక్కడి పొగమంచు ఆవిడ ఎరగదు. ఆవకాయ జాడీ తెస్తానంటోంది, వద్దంటే ఊరుకోదు. ఈలోగా మీ ఓవెన్‌లో వేడి కొలిచే థర్మోకపుల్ ఆఖరుసారి ఎప్పుడు మార్చారో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి. రేపే చెయ్యి.

మీ మావయ్య