ఆఫీసు కంప్యూటర్లకు సులువైన, ఖర్చు లేని బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏది?

ఆఫీసులో రెండు విండోస్ కంప్యూటర్లు, వాటిలో టాలీ (అకౌంట్స్ రాసుకునే సాఫ్ట్‌వేర్), ఎక్సెల్ ఫైళ్లు ఉన్నాయన్నారు. గూగుల్ డ్రైవ్ ఉండగా వేరే బ్యాకప్ ఎందుకని కూడా అడిగారు. మా ఊళ్లో చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకోవడమే నా పని కాబట్టి, అక్కడ చూసిందే చెబుతాను.

వేరే బ్యాకప్ కావాలండీ. గూగుల్ డ్రైవ్ చేసేది సింక్. ఇక్కడ ఫైల్ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. మార్చిలో ఎవరో చెరిపేసిన షీటు సంగతి జులైలో రిటర్నులు వేసేటప్పుడే బయటపడుతుంది. అప్పుడు కావలసింది పాత వెర్షన్.

అందుకే కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతక్కండి, విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ వాడండి. విండోస్ 8 నుంచీ ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి ఆన్ చేస్తే చాలు. మారిన ఫైళ్లను గంటకోసారి కాపీ చేస్తుంది, పాతవాటిని తీసేయదు. నాకు నచ్చేది ఇంకోటి: ఆ కాపీలు మామూలు ఫైళ్లే. మీ కంప్యూటర్ పూర్తిగా పోయినా, డిస్కు ఏ కంప్యూటర్‌కి పెట్టినా తెరుచుకుంటాయి. ప్రతి ఫైల్ పేరు పక్కన తేదీ, సమయం ఉంటాయి. ఆ సమయం మనది కాదు, యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. ఉదయం 10 గంటల కాపీ 4:30 అని కనిపిస్తుంది, కంగారు పడకండి.

టాలీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఫైల్ హిస్టరీ చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే. టాలీ డేటా సాధారణంగా వాటిలో ఉండదు. బ్యాకప్ ఉందనుకుని నిశ్చింతగా ఉన్న ఆఫీసుల్లో చాలాసార్లు నాకు కనబడే లోటు ఇదే. టాలీప్రైమ్‌లో ఆల్ట్+వై నొక్కి, బ్యాకప్ ఎంచుకుని, డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్‌లోకి తీయండి. సాయంత్రం కంప్యూటర్ ఆపే ముందు ఇది అలవాటు చేసుకుంటే మిగతాది ఫైల్ హిస్టరీ చూసుకుంటుంది.

డిస్కులు రెండు కొనండి. ఖర్చనిపిస్తుంది, కానీ ఈ ఒక్క విషయంలో నేను పట్టుబడతాను. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) పడితే, రోజంతా తగిలించే ఉంచిన బ్యాకప్ డిస్కు కూడా లాక్ అయిపోయింది. ఆయన్ని కాపాడింది బీరువాలో విడిగా ఉన్న డిస్కు. వారానికోసారి మొదటి డిస్కులోని బ్యాకప్ ఫోల్డర్‌ని రెండోదానిలోకి కాపీ చేసి, ఇంటికి పట్టుకెళ్లండి. ఆఫీసులో దొంగతనం జరిగినా, షార్ట్ సర్క్యూట్ అయినా అది భద్రంగా ఉంటుంది.

నెలకోసారి ఏదో ఒక ఎక్సెల్ ఫైల్‌ని డిస్కు నుంచి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. టాలీ బ్యాకప్‌ని అయితే అసలు డేటా మీద కాకుండా వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, చివరి ఓచర్ (టాలీలో రాసిన ఎంట్రీ) తేదీ సరిపోయిందో లేదో చూసుకోండి.