కిల్‌పెక్ వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఇంగ్లండ్‌లో హెరెఫర్డ్‌షైర్ జిల్లా కిల్‌పెక్ ఊరి పాత చర్చి మీద నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. భాష బావుంది. ఆ ఊరు నీకు మనస్ఫూర్తిగా నచ్చిందనీ తెలుస్తోంది. అయినా వ్యాసం నిలబడలేదు. ఎందుకో చెప్తాను, మనసు కష్టపెట్టుకోకు.

చర్చి దక్షిణ ద్వారం గురించి బోలెడు రాశావు. "అద్భుతమైన శిల్పకళ", "రెండు కళ్లూ చాలవు" అన్నావు. అంత రాసినా నాకు అందులో ఒక్క రాయీ కనపడలేదు. ఆ ద్వారం ఎడమ స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న మనుషులిద్దరున్నారు, ఒకడి పైన ఒకడు, కాళ్లకు బిగుతు పైజామాల్లాంటివి వేసుకుని. కుడివైపు నోట్లోంచి తీగలు కక్కుతున్న ముఖం ఉంది. పైన అర్ధచంద్రాకారపు రాతిలో ఒక చెట్టు. ఇవి రాస్తే చాలు. అద్భుతమని పాఠకుడే అనుకుంటాడు.

చూరు కింద గోడ చుట్టూ ముందుకు పొడుచుకొచ్చిన రాళ్లను ఒక్క వాక్యంలో దాటేశావు. కార్బెల్స్ అంటారు వాటిని. 85 మిగిలాయి. నాకైతే కిల్‌పెక్ అంటే అవే. ఒక రాతి మీద కుక్కా కుందేలూ పక్కపక్కనే ఉంటాయి. వేలాడే చెవులు, గుండ్రటి కళ్లు, ఎవరో మొన్న పిల్లల పుస్తకానికి గీసిచ్చినట్టుంటాయి. చెక్కింది మాత్రం 1140 ప్రాంతంలో. ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి రాయకు. గోడ కిందే నిలబడి, తలెత్తి, ఒక్కోదాని గురించి అక్కడే నోట్‌బుక్‌లో రాసుకో. మెడ నొప్పి పుడుతుంది, పర్లేదు.

షీలా-న-గిగ్ రాతిని అసలు వదిలేశావు. తెలుగువాళ్లు చదివి ఏమనుకుంటారో అని టెన్షన్ పడ్డట్టున్నావు. రెండు చేతులతో తన మర్మాంగాన్ని తెరిచి చూపిస్తున్న స్త్రీ అది. చర్చి గోడ మీద, ప్రార్థనకొచ్చే ప్రతివాళ్లకూ కనపడేలా ఉంది. కామం తగదనే హెచ్చరిక అని కొందరు, చెడును తరిమే బొమ్మ అని కొందరు, సంతానానికి సంబంధించినదని ఇంకొందరు పండితులు అంటారు. ఆ మాటలన్నీ రాసెయ్. ఏదో ఒకటే నిజమని తేల్చేయకు, సిగ్గుపడి దాచనూ దాచకు.

ఇక అసలు సంగతి. నువ్వు చర్చిని ఒక్కదాన్నే రాశావు. పల్లెటూరి చర్చి దాని చుట్టూ ఉన్న నేలతో కలిపి చూస్తేనే అర్థమవుతుంది. పడమటివైపు నాలుగడుగులేస్తే కోట దిబ్బ. పైన పాత గోడ ముక్కలు మిగిలాయి, ఒకదాన్లో పొయ్యి గూడు ఆనవాలు ఇంకా ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచారు. ఇది వేల్స్ సరిహద్దు, కోట లేకపోతే ఇక్కడ అధికారం నిలవదు. 1086 నాటి డూమ్స్‌డే అనే భూముల లెక్కల్లో ఈ ఊరు విలియం ఫిట్జ్‌నార్మన్ పేర ఉంది. చర్చి కట్టించింది ఆ వంశంలోని హ్యూ. అంటే ఊళ్లోవాళ్లు దేవుడి దగ్గరికి వచ్చినప్పుడల్లా దొరగారి కోట నీడలోకి వచ్చేవాళ్లన్నమాట. నీ వ్యాసంలో కోట ఊసే లేదు.

చర్చికి అవతలి పొలాన్ని "పచ్చిక బయలు" అన్నావు. ఆ ఎత్తుపల్లాలు మామూలువి కావమ్మా. అక్కడొక మధ్యయుగపు ఊరుండేది. ఎత్తుగా ఉన్నవి ఇళ్ల అడుగుదిమ్మలు, పల్లంగా ఉన్నవి దారులు. ఆ కుక్కనీ కుందేలునీ రోజూ చూసిన జనం అక్కడే బతికారు. పొద్దువాలేటప్పుడు వెళ్లు, ఏటవాలు వెలుగులో గట్లన్నీ తేలుతాయి.

చెక్కినవాళ్ల పేర్లు దొరకవు గానీ, అదే పనితనం అదే జిల్లాలోని షాబ్డన్‌లోనూ కనిపిస్తుంది. షాబ్డన్ చర్చి కట్టించిన ఆలివర్ ద మెర్లిమండ్ స్పెయిన్‌లోని శాంటియాగో యాత్ర చేసొచ్చాడు. ఆ దారిలో చూసిన చర్చిల ప్రభావం ఈ శిల్పాల్లో ఉందని చరిత్రకారులు చాలామంది అంటారు. 18వ శతాబ్దంలో ఆ చర్చి పడగొట్టి, తోరణాలను గుట్ట మీద అలంకారంగా నిలబెట్టారు. వానకీ గాలికీ శిల్పాలు కరిగిపోయాయి. అక్కడికి తప్పకుండా వెళ్లు. కిల్‌పెక్ ఎర్ర ఇసుకరాయి ఎంత బాగా బతికిందో షాబ్డన్ చూశాకే తెలుస్తుంది.

అబీ డోర్ కూడా వదలకు. కిల్‌పెక్‌కి కొద్ది మైళ్లే. 1147లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ సంఘం సన్యాసులు పెట్టిన మఠం. వాళ్లలో ప్రముఖుడైన బెర్నార్డ్, మఠాల్లో ఈ వింత జంతువుల బొమ్మలు దేనికని 1125 ప్రాంతంలో కోప్పడ్డాడు. సన్యాసులు పుస్తకం వదిలేసి రాళ్లు చదువుతూ కూర్చుంటారని ఆయన బాధ. సరిగ్గా అలాంటి బొమ్మలే నిండిన కిల్‌పెక్, ఆయన సంఘంవాళ్ల డోర్, కొన్నేళ్ల తేడాతో ఇంత దగ్గరదగ్గరగా లేచాయి. నీ వ్యాసానికి వెన్నెముక ఇదేనని నా నమ్మకం. డోర్ గొర్రెల ఉన్ని యూరప్‌లో బాగా ఖరీదు పలికేది, దాని గురించీ ఒక పేరా రాయొచ్చు. 1536లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు. సుమారు వందేళ్లకు స్కూడమోర్ ప్రభువు మిగిలిన భాగాన్ని బాగుచేయించి ఊరి చర్చిగా ఇచ్చాడు. వడ్రంగి జాన్ ఏబెల్ చేసిన ఓక్ చెక్క తెర అప్పటిదే.

హెరెఫర్డ్ కెథెడ్రల్‌లో 1300 ప్రాంతపు ప్రపంచ పటం ఉంది, ఒకే దూడ చర్మం మీద గీసింది. వీలైతే చూడు, దాని అంచుల్లోనూ వింత జీవులుంటాయి. ఇది వ్యాసంలోకి రాకపోయినా ఫర్వాలేదు.

కోట దిబ్బ ఎక్కేటప్పుడు గడ్డి తడిగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకో. తిరగరాసింది పూర్తయ్యాక పంపు, టైపు తప్పులున్నా సరే.

నీ మేలు కోరే,
మాస్టారు