లాహిరి అంటే అల కాదా?

ప్రశ్న: ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాట చిన్నప్పటి నుంచీ పాడుకుంటున్నాను. లాహిరి అంటే అల అనుకునేదాన్ని. మా మనవరాలు కాదంటోంది. ఆ పాటలో అంత హాయి ఎక్కడిది?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ మనవరాలి మాటే నిజమమ్మా. అల అంటే లహరి. లాహిరి అంటే మత్తు, మైకం. పడవ పాటకి పింగళి నాగేంద్రరావుగారు ఏరికోరి ఈ మాట వేశారే, అక్కడుంది అందమంతా. అర్థం మైకమే అయినా చెవిలో నీళ్లు కదులుతాయి. మీరు అల అనుకున్నది ఊరికే కాదు.

ఇక హాయి అంటారా, అది మోహన రాగం. స, రి, గ, ప, ద అయిదే స్వరాలు. విజయవాడ సత్యనారాయణపురంలో మా మాష్టారు హార్మోనియం మీద మ, ని మెట్లకి తడి విభూతి చుక్కలు పెట్టి, ‘వీటి జోలికి పోకు’ అని ఈ పల్లవి పట్టించారు. రెండు పూటల్లో వేళ్లకి వచ్చేసింది. ఇందులో ఏ రెండు స్వరాలూ ఒకదాన్నొకటి ఒరుసుకోవు. ఎక్కడ ఆగినా మెత్తగానే ఉంటుంది. మీ మనవరాలు సంగీతం నేర్చుకుంటుంటే ‘వరవీణా’ గీతం పాడించుకుని వినండి, అదీ మోహనమే.

1957 నాటి ‘మాయాబజార్’లో ఆ పడవని మళ్లీ చూడండి. మొదట శశిరేఖా అభిమన్యులు, తరవాత రుక్మిణీ కృష్ణులు, చివరికి రేవతీ బలరాములు. అన్ని జంటలకీ ఘంటసాల, లీల గొంతులే. పిల్లలకి పట్టిన మైకం పెద్దవాళ్లకీ పడుతుంది. ఆ చివరి జంట దగ్గర నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.