పండక్కి వచ్చే చిన్నోడికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

వాట్సాప్‌లో పెడితే చదవకుండానే బొటనవేలు బొమ్మ పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నాను. ఈసారి సంక్రాంతికి వారం సెలవు పెట్టి, కోడలినీ పిల్లల్నీ తీసుకుని వస్తున్నావని మీ అమ్మ గోడవతల నుంచే కేకేసి చెప్పింది. సంతోషం. ఇంకా అక్టోబరే దాటలేదు, అప్పుడే అటక మీది డబ్బాలు దింపి కడగడం మొదలెట్టింది. అది చూశాకే నీకు రాయాలనిపించింది.

పోయినేడు నువ్వు భోగి పొద్దున దిగి, కనుమ సాయంత్రం కారెక్కి వెళ్ళిపోయావు. నువ్వు చూసింది ఆ మూడు రోజులే. దానికి ముందు పదిహేను రోజులూ, తర్వాత వారమూ చూసింది నేను. నువ్వెళ్ళిన మర్నాడు మీ అమ్మ మంచం దిగలేదు. మోకాళ్ళకి ఉప్పు కాపడం పెట్టింది నేనే. ఆ పూటే నువ్వు ఫోన్ చేశావు, "బాగానే ఉన్నాం నాన్నా, ఇల్లంతా బోసిపోయింది" అంది. బోసిపోయిన మాట నిజమే, బాగుండటం మాత్రం అబద్ధం. మూడు రోజులకే అలా ఉంటే, వారానికి ఎలా ఉంటుందో నువ్వే లెక్కేసుకో. నువ్వు చుట్టంలా రాకు, ఇంటివాడిలా రా. నేను రాసేదంతా దాని గురించే.

ముందు ప్రయాణం సంగతి. ఈసారి భోగి 14, కనుమ 16. 12 పొద్దుటికి ఇక్కడ ఉండేలా చూసుకో. భోగి ముందురోజు కారేసుకుని బయల్దేరావంటే హైదరాబాదు దాటగానే పంతంగి టోల్‌గేటు దగ్గరే నీ పండగ సగం అయిపోతుంది, పోయినేడు చూశావుగా. రైలే నయం. 2024 నవంబరు నుంచి టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకట్లా 120 కాదు. అంటే 11 రాత్రి గౌతమి ఎక్కాలంటే నవంబరు 12 పొద్దున 8 గంటలకి ఫోను చేతిలో పట్టుకుని కూర్చోవాలి. "తత్కాల్ చూద్దాంలే" అనుకోకు, పండగ రోజుల్లో ఆ ఆట మనవల్ల కాదు. తెల్లవారుజామున రాజమండ్రిలో దిగితే అమలాపురం బస్సులు ఉంటాయి. మీ నాన్నగారిని స్టేషన్‌కి రమ్మనకు. ఆయన వస్తానంటారు, చీకట్లో బండి నడుపుతారు, కళ్ళ సంగతి నీకు చెప్పరు.

తిరుగు ప్రయాణం కనుమ నాడు పెట్టుకోకు. కనుమ నాడు కాకైనా కదలదని మన పెద్దలు ఊరికే అనలేదు. నీకు నమ్మకం లేకపోతే పోనీ, ఆ సాయంత్రం రావులపాలెం సెంటర్లో నిలబడి బస్సులు చూడు, నువ్వే నమ్ముతావు.

ఇంకో మాట, ఇది కోడలి తరఫున చెబుతున్నాను. పోయినేడు ఆ పిల్ల ఒక్క పూటైనా పుట్టింటికి వెళ్ళలేదు. పెదవి విప్పి ఏమీ అనలేదు కానీ, కనుమ నాడు గారెల పిండి రుబ్బుతూ వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే గొంతు విన్నాను. ఏలూరు దారిలోనే కదా. 17న ముక్కనుమ భోజనం ఇక్కడ చేసి, సాయంత్రానికి ఏలూరు చేరండి. రెండు రాత్రులు అక్కడుండి, 19న అక్కణ్ణుంచే రైలెక్కండి. ఈ సంగతి మీ అమ్మకి ఇప్పుడే చెప్పేయ్. ఇప్పుడు చెబితే నాలుగు రోజులు ముఖం ముడుచుకుని తర్వాత తనే "వియ్యపురాలికి సున్నుండలు కట్టాలి" అంటుంది. ముక్కనుమ పొద్దున చెబితే మాత్రం ఏ దేవుడూ నిన్ను కాపాడలేడు.

ఇక అరిసెలు. నువ్వొచ్చేలోపే ఒంటిచేత్తో వండేసి డబ్బాలకెత్తడం మీ అమ్మకి అలవాటు. ఈసారి వండొద్దనీ, 13న అందరం కలిసి వండుకుందామనీ ఫోన్లో గట్టిగా చెప్పు. అది ఒకరి పని కాదురా. బియ్యం 12న నానెయ్యాలి, మర్నాడు వడేసి, ఆ తడి మీదే పిండిమరకి పట్టుకెళ్ళాలి. అది నీ పని. వచ్చేటప్పుడు గిన్నె మీద తడిగుడ్డ కప్పు, పిండికి గాలి తగిలి ఆరిందంటే అరిసె చెక్కలా అవుతుంది. మా లెక్క కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అప్పుడు దింపి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు ఆపకుండా తిప్పాలి. మీ అమ్మ కుడి భుజం పట్టేసింది ఆ తిప్పుడు దగ్గరే. తెడ్డు నువ్వు పట్టుకో. జిమ్‌కి వెళ్తున్నావుగా, ఆ కండలేవో ఇక్కడ చూపించు. కోడలు ఆకు మీద అద్దుతుంది, మీ అమ్మ స్టూలేసుకుని మూకుడు దగ్గర కూర్చుంటుంది, మీ నాన్నగారు అరిసెల చెక్కలతో నూనె వత్తుతారు. పిల్లలకి నువ్వుల గిన్నె ఇవ్వండి, నువ్వులన్నీ అరిసెల మీదే పడతాయని ఆశ పెట్టుకోకండి. రెండు కిలోలకి మించి పోయనివ్వకు. "ఎదురింటికీ, పాలేరుకీ, నీ ఆఫీసువాళ్ళకీ" అని ఐదు కిలోలు నానేస్తుంది. ఆ మిగతా మూడు కిలోలకీ పొయ్యి దగ్గర నిలబడేది ఎవరో అడుగు.

సహాయం అంటే ఇల్లు సర్దెయ్యడం అనుకుంటావేమో, ఆ తప్పు చెయ్యకు. నేను చేశాను. మేం భిలాయిలో ఉండే రోజుల్లో ఒకసారి సెలవులకొచ్చి, మా అమ్మ వంటింటి అలమర మొత్తం దింపి, పాత డబ్బాలు పారేసి, అన్నీ ఒకే సైజు సీసాల్లోకి మార్చి, మురిసిపోతూ రైలెక్కాను. మూడు నెలల తర్వాత మా అమ్మ ఉత్తరం. క్షేమ సమాచారాలు రెండు లైన్లు, తక్కినదంతా ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టావే అని. ఆవిడ చీకట్లో కూడా చేత్తో తడిమి తీసుకునే డబ్బా అది. నేను సర్దింది నా కళ్ళకి బాగుండాలని. కాబట్టి ఫ్రిజ్ తెరిచి "ఇదేంటమ్మా, పదిరోజుల నాటిది" అని మొదలెట్టకు. సొట్టపోయిన గిన్నెలు పారెయ్యకు. కొత్త యంత్రాలేవీ కొనుక్కురాకు, నువ్వు పంపిన ఓవెన్ మీద ఇప్పుడు వత్తుల పెట్టె ఉంది.

చెయ్యాలనుంటే దొడ్లో బాత్రూమ్ చూడు. కాలు జారే నాపరాయి, పట్టుకోవడానికి ఒక్క కడ్డీ లేదు. 12నే మేస్త్రీని పిలిపించి కడ్డీ వేయించు, పెరటి లైటు బాగుచేయించు. 13 దాటితే ఈ ఊళ్ళో ఏ పనివాడూ దొరకడు, అందరూ కోడి పందేల బరుల దగ్గరే ఉంటారు. నువ్వూ ఒకసారి తొంగి చూస్తావు, వద్దంటే ఆగవు. పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకు, జేబులో డబ్బులు పెట్టుకుని అసలే వెళ్ళకు.

బ్యాంకు పనులు కూడా ఆ రెండు రోజుల్లోనే. మీ నాన్నగారి ఖాతాకి నామినీగా ఇంకా చనిపోయిన మీ తాతగారి పేరే ఉందట, నవ్వుతూ చెప్పారు నాతో. కాగితాల మాట పండగ మూడు రోజుల్లో ఎత్తకు, సంక్రాంతి నాడు పెద్దలకి బట్టలు పెట్టుకునే ఇంట్లో వీలునామా కబుర్లు బాగుండవు. మాత్రల పెట్టె మాత్రం ఆయన తోటకి వెళ్ళినప్పుడు తెరిచి చూడు. ఏ అరలో మిగిలిపోతున్నాయో తెలుస్తుంది. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. నలుగురి ముందు షుగర్ గురించి లెక్చరిచ్చావంటే ఆ పూట రెండు అరిసెలు ఎక్కువ తింటారు, నాకు తెలుసు.

ఆఫీసు పని తప్పదంటే ఏ గంటలో ముందే చెప్పెయ్. పది నుంచి ఒంటిగంట దాకా అంటే సరిపోతుంది. పోయినేడు నీ కాల్ ఎప్పుడొస్తుందో తెలియక మీ నాన్నగారు టీవీ నోరు నొక్కేసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగారు.

కనుమ నాడు ఆయన్ని జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్ళు. మోకాళ్ళని సాకుగా చెప్పి రెండేళ్ళుగా వెళ్ళట్లేదు, అసలు కారణం తోడెవరూ లేకపోవడం. చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటడం చూపించింది ఆయనే. నీళ్ళలో మెడలోతున నడుస్తూ, వెదుళ్ళు కట్టి దేవుణ్ణి నిలబెట్టిన అంత ఎత్తు ప్రభనీ ఒరగకుండా మోసుకొస్తుంటే, "అశ్శరభా" అని అందరికంటే గట్టిగా అరిచేవారు. 2023 రిపబ్లిక్ డే నాడు మన ప్రభల తీర్థం శకటం ఢిల్లీలో కనిపించినప్పుడు వీధి వీధంతా పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టారు. మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించి, బండి మీద వెళ్ళండి. గట్టు మీద నీడ చూసి ఆయనకి కుర్చీ వేయించు. పదకొండు ఊళ్ళ రుద్రులూ ప్రభల మీద వచ్చేదాకా లేవరు, నువ్వూ తొందరపెట్టకు. చంటిదానికి భోగిపళ్ళు నేను పోస్తాను, రేగుపళ్ళూ చిల్లరా నా దగ్గర సిద్ధం, నువ్వేమీ తేనక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు మీ అమ్మ కట్టిన సీసాలు "వద్దమ్మా, ఇక్కడా దొరుకుతాయి" అనకు. బరువైతే నా ఇంట్లో వదిలెయ్, మీ అమ్మకి తెలియకుండా నేను చూసుకుంటాను.

ఈ వారంలో ఒక రాత్రి మీరందరూ మా ఇంట్లోనే భోజనం. ఆ పూట మీ అమ్మ పొయ్యి వెలిగించకూడదు. కంద బచ్చలి కూర చేస్తాను. ఏ రోజో ముందే చెప్పు, కంద నాకు తోటలోంచి తవ్వించాలి.

ఇట్లు
మీ పెద్దమ్మ

ఈ ఉత్తరం మీ అమ్మ కంట పడనివ్వకు. మోకాళ్ళ సంగతి చెప్పానని తెలిస్తే గోడవతల నుంచి నాకు మజ్జిగ రావడం ఆగిపోతుంది.