కోలుకున్నదంతా మానినట్టు కాదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రోడ్డు తారు మిశ్రమంతో చేసిన బీమును పదే పదే వంచి చూసే ఫెటీగ్ పరీక్షలో, మధ్యలో విశ్రాంతి ఇస్తే దాని స్టిఫ్‌నెస్ (వంగకుండా నిలిచే బిగువు) మళ్లీ పెరిగిందని సంబరంగా రాశావు. మంచిదే. కానీ "పగుళ్లు మానాయి" అని అప్పుడే రిపోర్టులో ఎక్కించకు. నేనూ ఒకప్పుడు అలాగే రాసి, తర్వాత నా పేజీలు నేనే కొట్టేసుకున్నాను.

సెకనుకు 10 సార్లు వంచుతుంటే బీము లోపల వేడెక్కుతుంది, వేడికి బిటుమెన్, అంటే రాళ్లను అంటిపెట్టే తారు, మెత్తబడుతుంది. థిక్సోట్రోపీ అని ఇంకొకటుంది: కదుపుతున్నంతసేపూ లోపలి అల్లిక సడలి, ఆపగానే బిగుసుకుంటుంది. ఈ రెండింటికీ పగుళ్లతో పనే లేదు. మొదట్లో స్టిఫ్‌నెస్ గబగబా పడిపోవడంలో వీటి వాటా తక్కువేమీ కాదు. అందుకే విశ్రాంతి తర్వాత ఎంత తిరిగొచ్చిందని చూడకు, మళ్లీ లోడు పెట్టాక ఎంతసేపు నిలిచిందో చూడు. పైపై కోలుకోవడమైతే కాసేపటికే కరిగి గ్రాఫులో పాత గీతలో కలిసిపోతుంది. నిజంగా మానితే, విశ్రాంతి లేకుండా నడిపిన బీముకన్నా ఎక్కువ సైకిళ్లు (వంపులు) మోశాకే స్టిఫ్‌నెస్ సగానికి పడుతుంది.

ఒక్కో బీముతో పోల్చకు. ఒకే మిక్స్‌తో చేసినవి కూడా ఆయుష్షులో రెండు మూడు రెట్లు తేడా చూపిస్తాయి. గాలి ఖాళీలు దగ్గరగా ఉన్నవాటిని ఏరి జతలు కట్టు. స్ట్రెయిన్ సెట్టింగు, అంటే ఒక్కో వంపులో బీము ఎంత సాగాలన్న కొలత, రెండుసార్లు చూసుకో. అది రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, పదహారో వంతుకో ఇంకా కిందకో పోతుంది.

పగులు మానాలంటే దాని రెండు ముఖాలూ ముందు తాకాలి, బిటుమెన్ పారి వాటిని తడపాలి, ఆపైన అణువులు అటూ ఇటూ చొరబడాలి. అన్నిటికీ టైము కావాలి, వేడి కావాలి. విశ్రాంతి వేళ ఉష్ణోగ్రత రాసుకోకపోతే ఆ డేటా దండగ. 50 డిగ్రీల్లో పెట్టేటప్పుడు బీమును రెండు కొసల మీద ఆనించకు, తన బరువుకే వంగిపోతుంది. చదును పలక మీద పూర్తిగా పడుకోబెట్టు. ఏళ్లు గడిచి బిగిసిన బిటుమెన్ నెమ్మదిగా మానుతుంది కాబట్టి, ఓవెన్‌లో ముదర పెట్టిన నమూనాలూ కొన్ని చెయ్యి.

ఇనుప పీచు కలిపి, ఇండక్షన్‌తో (మారుతుండే అయస్కాంత క్షేత్రంతో) వేడిచేసి మాన్పే పద్ధతి మీద మోజుపడ్డావట. నెదర్లాండ్స్‌లో 2010లో ఏ58 మోటర్‌వే మీద అలాంటి తారు వేశారు. ఆలోచన నాకూ ఇష్టమే. కాకపోతే ఆ పీచు మిక్సర్‌లో ఉండలు కడుతుంది, ఎక్కువ వేడిచేస్తే బిటుమెన్ కిందికి జారిపోతుంది. అది వచ్చే ఏడు చూద్దాం.

ముందు విశ్రాంతి ఇచ్చిన బీముదీ ఇవ్వనిదీ గీతలు ఒకే గ్రాఫులో గీసి పంపు.

మీ
పెదనాన్న