బుజ్జిగాడి చెవి గురించి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "జ్వరం తగ్గింది పెద్దమ్మా, చీము కూడా ఆగింది, ఇంక పర్లేదు" అన్నావు చూడు, ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు స్థిమితం లేదు. సంక్రాంతి నుంచి వాడికి ఇది నాలుగోసారి. నొప్పి తగ్గినంత మాత్రాన చెవి బాగయినట్టు కాదే.

మీ అన్నయ్యకీ ఇలాగే అయింది. 96 నవంబరు తుఫానుకి వాడికి రెండున్నరేళ్లు, కొబ్బరి తోటంతా పడిపోయి మేం ఆ దిగులులో ఉన్నాం, వీడేమో పిలిస్తే పలకడు, చెప్పింది చెయ్యడు. మొండి అనుకున్నాం. రెండు మూడుసార్లు కొట్టాను కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేవాడు కాబట్టి వినపడటం లేదన్న అనుమానమే ఎవరికీ రాలేదు. పాలు అనడానికి "ఆలు" అనేవాడు, మా అత్తగారు ముద్దుగా ఉందని మళ్లీ మళ్లీ అనిపించేవారు. చివరికి ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి (అప్పటికి యానాం వంతెన లేదు) కాకినాడ తీసుకెళితే, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు నిలిచిపోయిందన్నారు.

ముక్కు వెనక నుంచి చెవి లోపలికి సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. చిన్నపిల్లల్లో అది పొట్టిగా, పెద్దగా వాలు లేకుండా ఉంటుంది కాబట్టి జలుబు చేస్తే వాచి మూసుకుపోతుంది, లోపలి నీరు దిగదు. చీము ఆగాక కూడా ఆ నీరు వారాల తరబడి ఉండిపోవచ్చు. అంతకాలం వాడికి చెవుల్లో దూది పెట్టుకున్నట్టే, పెద్ద చప్పుళ్లు వినపడతాయి, మాటల్లో మెత్తటి అక్షరాలు జారిపోతాయి. మాటలు నేర్చుకునే వయసు కదా, వినపడనిది ఎలా పలుకుతాడు చెప్పు.

చాలామందికి మూడు నెలల్లో ఆ నీరు దానంతటదే పోతుంది, టెన్షన్ పడకు. కానీ పోయిందో లేదో చూపించుకోవాలి. ఆరు నెలల్లో మూడుసార్లు చెవి పోటు వచ్చినా, మూడు నెలలైనా నీరు పోకపోయినా పిల్లల డాక్టరు దగ్గర ఆగకుండా ఈఎన్‌టీకి చూపించు. టింపనోమెట్రీ అని చెవిలో చిన్న మొన పెట్టి చూస్తారు, నొప్పుండదు, నిమిషంలో అయిపోతుంది. దాంతోపాటు వినికిడి పరీక్ష కూడా నువ్వే అడిగి చేయించు. మరీ కుదురుగా లేకపోతే నిద్రపుచ్చి బెరా అనే వినికిడి పరీక్ష చేస్తారు. గ్రోమెట్ వెయ్యాలంటే హడలిపోకు, అది బియ్యపు గింజంత కూడా ఉండని గొట్టం, లోపల నీరు నిలవకుండా మత్తిచ్చి కర్ణభేరికి అమరుస్తారు, ఏడాది అటూ ఇటూగా చాలామందికి అదే ఊడిపడుతుంది. మీ అన్నయ్యకి వేశాక బస్సు హారన్‌కి చెవులు మూసుకుని ఏడ్చాడు. ఆ రోజు నేనూ ఏడ్చాను.

వెల్లుల్లి కాచిన నూనె, తులసి రసం, చనుబాలు, ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా వాడి చెవిలో పొయ్యొద్దు. నేను పోశాను, కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు అది లోపలికి పోతుందని తెలియక. పిన్నీసులు, ఇయర్ బడ్స్ కూడా వద్దు. చీము కారే రోజుల్లో తలంటితే వేజలీన్ రాసిన దూది పెట్టు, కాలవలో దింపొద్దు. పడుకోబెట్టి పాలసీసా నోట్లో పెట్టకు. మీ మామగారి చుట్ట అరుగు దాటి లోపలికి రాకూడదు, నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను. యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వెయ్యి, పోయినసారి మిగిలిన సిరప్ మాత్రం వాడకు. చెవి వెనక వాచి చెవి ముందుకి తోసుకొచ్చినా, మూతి వంకరపోయినా ఆ పూటే ఆసుపత్రికి.

రేపు వాడు ఆడుకుంటుంటే వెనక నుంచి నెమ్మదిగా పేరు పెట్టి పిలువు, రెండు మూడు పూటలు అలా చూడు. రెండేళ్లు నిండాయి కాబట్టి "అమ్మ రా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలుపుతుండాలి. ఏమేం అంటున్నాడో, చెవి పోటు ఎప్పుడెప్పుడు వచ్చిందో తేదీలతో ఒక పుస్తకంలో రాసి డాక్టరు ముందు పెట్టు. ఈలోగా వాడితో మాట్లాడేటప్పుడు టీవీ ఆపి, ముందుకి వచ్చి కూర్చుని, మొహం కనపడేలా మాట్లాడు. పలకకపోతే కసరొద్దు, అల్లుడుగారికి కూడా చెప్పు.

గురువారం అమలాపురం బస్టాండులో నన్ను ఎక్కించుకోండి, వాణ్ణి ఒళ్లో నేను కూర్చోబెట్టుకుంటాను.

మీ పెద్దమ్మ