ఈస్టును ఒక్క చూపుతో తేల్చెయ్యకు

పాపా,

నువ్వు అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరావనీ, ఫంగస్ బెంచీ మీద వేశారనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ బెంచీ అంటే చాలామంది మొహం చాటేస్తారు, పని తెమలదని. నాకు మాత్రం సర్వీసంతా అదే ఇష్టమైన చోటు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఈస్టుకు, అంటే ఒంటికణంగా పెరిగే ఫంగస్‌కు, ఒకే ఆకారం ఉండదు. వేడి, తిండి, చుట్టూ ఉన్న రద్దీ, వీటిని బట్టి మారుతూ ఉంటుంది. స్లైడులో నీకు కనిపించే ఆకారంలో సగం నువ్వు ట్యూబును ఎలా ఉంచావన్న దాన్ని బట్టే వస్తుంది.

నీ చేతిలో రోజూ నడిచేది జర్మ్ ట్యూబ్ టెస్టు. కాండిడా అల్బికాన్స్ అనే ఈస్టు కోలగా ఉండి పక్కన మొగ్గ తొడుగుతుంది. దాన్నే సీరంలో (రక్తం గడ్డకట్టాక తేలే పచ్చటి నీరు) వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు, మూడు గంటల్లో సన్నటి గొట్టం సాచుతుంది. రోగి ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. ఆ గొట్టంతోనే నోటి పొరలోకో, పేగు పొరలోకో దూరుతుంది. తెల్లరక్త కణం మింగినా, లోపలే గొట్టం పెంచి దాన్ని చీల్చుకుని బయటికి రాగలదు. ఈ దశలోనే కాండిడాలైసిన్ అనే విషం వదులుతుందని 2016లో బయటపడింది.

అర మిల్లీలీటరు సీరం చాలు. మనిషి సీరమైతే హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అయినదే వాడు. కొత్తగా పెరిగిన కాలనీని పిపెట్ కొసతో ఊరికే తాకి కలుపు. బాగా కనిపించాలని ఎక్కువ వేస్తావేమో, అస్సలు వద్దు. గుంపు పెరిగితే ఈ ఈస్టు ఫార్నెసాల్ అనే పదార్థం వదిలి, గొట్టాలు రాకుండా తనను తానే ఆపుకుంటుంది. అల్బికాన్స్ అయినా నీకు నెగెటివ్ వస్తుంది. మూడు గంటలు దాటాక చదివితే కాండిడాలోనే ఇంకో రకమైన ట్రాపికాలిస్ కూడా పొడుగ్గా సాగి మోసం చేస్తుంది.

ఆ రెంటికీ తేడా మొదట్లోనే ఉంటుంది. గొట్టం తల్లికణం నుంచి బయల్దేరే చోట చూడు. అసలు జర్మ్ ట్యూబైతే అక్కడ నొక్కు ఉండదు, రెండు గోడలూ సమానంగా సాగిపోతాయి. ట్రాపికాలిస్ సాగినప్పుడు శెనక్కాయ నడుములా అక్కడ నొక్కుకుని ఉంటుంది. ఫైన్ ఫోకస్ తిప్పుతూ చూస్తేగానీ ఇది తేలదు. రోజూ తెలిసిన అల్బికాన్స్ ఒకటి, ట్రాపికాలిస్ ఒకటి పక్కన పెట్టుకో. కాండిడాలోనే డబ్లినియెన్సిస్ అనే రకం కూడా గొట్టం ఇస్తుంది కాబట్టి పాజిటివ్ రాగానే అల్బికాన్సే అని ఖాయం చెయ్యకు. ఆరిస్ అనే ఇంకో రకం మామూలుగా గొట్టమే ఇవ్వదు, కానీ మందులకు లొంగని మొండిది. నెగెటివ్ అని పక్కన పడేస్తే వార్డంతా పాకుతుంది.

మన సీమ ఎండల సంగతి పుస్తకాల్లో ఉండదు. ఈస్టు రకం తేల్చడానికి వాడే కార్న్ మీల్ అగార్ (మొక్కజొన్న పిండి జెల్లీ) ప్లేటును గది వేడిమిలో ఉంచమంటారు. వాళ్ల లెక్క సుమారు 25 డిగ్రీలు. మే నెలలో కర్నూల్లో గానీ, మీ అనంతపురంలో గానీ బయట 40 దాటుతుంది, కరెంటు పోతే గది కూడా కాగిపోతుంది. ఆ వేడిలో అల్బికాన్స్‌ను గుర్తుపట్టడానికి పనికొచ్చే క్లమిడోస్పోర్లు (మందపాటి గోడ ఉన్న గుండ్రటి కణాలు) సరిగా రావు. ప్లేటును చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్లోనే పెట్టు. కరెంటు పోయి వస్తే థర్మామీటర్ చూసి రిజిస్టర్లో రాసుకో.

క్రిప్టోకాకస్ అనే ఇంకో ఈస్టు దగ్గర ఆకారం కన్నా సైజు ముఖ్యం. మామూలు కణం నాలుగు నుంచి ఏడు మైక్రాన్లు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక కొన్ని పది మైక్రాన్లు దాటి, వందదాకా కూడా ఉబ్బుతాయి. వీటిని టైటాన్ కణాలంటారు. అంత పెద్దవాటిని తెల్లరక్త కణాలు మింగలేవు. వాటికి పుట్టే పిల్లలు మాత్రం మామూలు సైజువే. అందుకే ఐపీస్ మైక్రోమీటరుతో (మైక్రోస్కోపులో కంటి దగ్గరి లెన్సులో ఉండే కొలబద్ద) కొలవడం అలవాటు చేసుకో, ప్రతి ఆబ్జెక్టివ్‌కూ విడిగా క్యాలిబ్రేట్ చెయ్యాలి. పెద్దగా ఉంది కదా అని చెత్త కింద కొట్టెయ్యకు.

వెన్నునీటిని ఇండియా ఇంకు అనే నల్ల సిరాలో చూసేటప్పుడు క్రిప్టోకాకస్ కణం చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. అదే దాని గుల్ల (క్యాప్సూల్). లింఫోసైట్ అనే తెల్లరక్త కణం చుట్టూ కూడా ఒక్కోసారి అలాంటి వలయమే అనిపిస్తుంది. గుల్ల అంచు చెదరకుండా ఉందా, లోపల మెరిసే గోడ ఉందా, మొగ్గ ఉందా చూడు. కల్చర్లో గుల్ల పలచబడుతుంది, దాంతో కంగారు పడకు. ఇంకులో కనపడకపోయినా జబ్బు లేదనుకోవడానికి లేదు, ఆ ఈస్టు పదార్థాన్ని పట్టే యాంటిజెన్ టెస్టు కూడా చెయ్యమను. పాజిటివ్ అయితే రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా వెంటనే వార్డు డాక్టరుకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దనాయన,
కర్నూలు